తిరిగి పెరగనిది

రారోటోంగా దీవిలో మా వైపు తెపాయెరును ఎరగనివాళ్ళు లేరు. సముద్రం వెనక్కి తగ్గగానే మడుగులోకి దిగుతుంది. రాళ్ళ మధ్య పడుకున్న నల్లటి సముద్ర దోసకాయ అనే జీవికి, అదే మేము రోరీ అనేదానికి, చిన్న గాటు పెట్టి, లోపలి మెత్తని సరుకు సీసాలోకి పిండుకుని, తోలును నీళ్ళలో వదిలేస్తుంది. ఎన్నో తీరాలు తిరిగినవాణ్ణే అయినా, మొదటిసారి చూసి ఒళ్ళు జలదరించింది.

"చంపేశావుగా" అన్నాను.

"చంపితే రేపేం తింటాం పెద్దాయనా? లోపలిదంతా అదే మళ్ళీ పెంచుకుంటుంది."

కొన్ని నెలలకు, పాత గాటు మచ్చ ఉన్నదాన్నే కోసి చూపించింది. లోపల అన్నీ ఉన్నాయి.

తన చెల్లెలు అకాయితికి మూత్రపిండాలు రెండూ చెడినప్పుడు, తెపాయెరు తనదొకటి ఇస్తానని వెంటనే ఒప్పుకుంది. ఆపరేషన్ ఆక్లాండ్‌లో. ప్రయాణానికి ముందు డాక్టర్ తమారువా పిలిస్తే నేనూ తోడు వెళ్ళాను.

"మళ్ళీ పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది బాబూ?" అని అడిగింది.

డాక్టరు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "అది పెరగదత్తా. ఇక ఒకటే ఉంటుందని చెప్పానుగా."

"చెప్పావు. పెరిగేదాకా అనుకున్నాను." కాసేపటికి, "మరి రోరీకెలా పెరుగుతుంది?" అంది.

"రోరీ కణాలు నేర్చిన పని మరిచి మళ్ళీ పసివైపోగలవు. అవే పేగును కడతాయి. మన కణాలు అమ్మ కడుపులోనే పనులు పంచుకుంటాయి. వడగట్టేవి వడగట్టేవే. ఒకే పనివి కలిస్తే కణజాలం, అలాంటివి కొన్ని కూడితే మూత్రపిండం, దానికి గొట్టాలూ సంచీ చేరితే ఒక వ్యవస్థ. మొత్తం తీసేస్తే కొత్తది కట్టేవాళ్ళు లోపల ఎవరూ ఉండరు."

తెపాయెరు ముఖం పాలిపోయింది. కాలేయమైతే పెరుగుతుందని ఎక్కడో చదివాను. చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. ఇక్కడ కావలసింది కాలేయం కాదు.

బయట బెంచీ మీద అకాయితి కూర్చుని ఉంది. "ఏమన్నాడక్కా?"

"పెరగదట. నీకు తెలుసా?"

"తెలుసు. నీకు తెలియదని నాకు తెలియదు." అకాయితి బిత్తరపోయి చూసింది. "అయితే వద్దులే అక్కా. రోరీకిలా నీకూ పెరుగుతుందనుకుని ఒప్పుకున్నావు, ఇప్పుడు ఇవ్వమని నేనెలా అడగను?"

తెపాయెరు చెల్లెలి పక్కన కూర్చుంది.

"చిన్నప్పటినుంచీ నా దగ్గర తీసుకున్నది ఒక్కటైనా తిరిగిచ్చావటే?"

"లేదు."

"ఇదీ అంతే అన్నమాట."

మళ్ళీ లోపలికి వెళ్ళింది. "బాబూ, ఏ వైపుది తీస్తారు?" అని అడగడం మాకు బయటికి వినిపించింది.