కండ్లకలక రిజిస్టరులో జింకు సీసా

1995లో నన్ను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి గ్రేడ్ టూ ఫార్మసిస్టుగా వేశారు. డాక్టరు రాసిన మందు ఇవ్వడం నా పని. ఏ మందు ఏ జబ్బుకు పోయిందో రిజిస్టరులో ఎక్కించడం అంతకన్నా పెద్ద పని.

ఆ ఏడాదే మేరమ్మ అనే కూలి మనిషి తొమ్మిది నెలల కూతుర్ని తెచ్చింది. నోటి చుట్టూ, వేళ్ల మీద పుండ్లు, ఆగని విరేచనాలు, ఊడిపోయిన జుట్టు. "పాలు మాన్పించినప్పట్నుంచి ఇట్లనే ఉండాది సారూ. నా దిష్టే తగిలిందని మా అత్త అంటాంది," అంది. డాక్టరమ్మ అడిగితే, మేనమామ కొడుకునే చేసుకున్నానని చెప్పింది. తిండిలోని జింకును పేగులు పట్టుకోలేని పుట్టుజబ్బు ఇదని డాక్టరమ్మకు అనుమానం. జింక్ సల్ఫేట్ తాగించాలి, ఆలస్యమైతే బిడ్డ దక్కదన్నారు.

నంద్యాల మందుల షాపుల్లో దొరకలేదు. ఇండెంటు, అంటే ఫలానా మందు కావాలని పైకి రాసే కాగితం, పంపాను. పదో రోజు జవాబొచ్చింది: "సదరు పదార్థము వరి పైరునకు వాడునది. వ్యవసాయ శాఖను సంప్రదించవలెను."

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ మా బీరువాలోనే కంటి చుక్కలు కలపడానికిచ్చిన శుద్ధమైన జింక్ సల్ఫేట్ సీసా ఉంది. కంటికి తప్ప ఇవ్వకూడదని నియమం. ఆ సీసాను పది రోజులు చూస్తూ కూర్చున్నాను; అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. జవాబొచ్చిన రోజే డాక్టరమ్మ మోతాదు లెక్కకట్టారు, నేను పాకంలో కలిపిచ్చాను. రిజిస్టరులో "కండ్లకలక" అని రాశాను. రెండు వారాలకు పుండ్లు మానాయి, విరేచనాలు కట్టాయి.

ఆ మందు జీవితాంతం వాడాలి. కాబట్టి బిడ్డకు నెలనెలా కండ్లకలకే.

2002లో, బదిలీ అయిపోయిన డాక్టరమ్మ ఉత్తరం రాశారు. జింకును పేగుల్లోంచి ఒంట్లోకి మోసే ప్రోటీను ఒకటుందట, దాన్ని తయారుచేయించే జన్యువు దొరికిందట. అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డవే వస్తే ఈ జబ్బట. మేరమ్మకు చదివి వినిపించాను.

"అయితే నా దిష్టి గాదు గదన్నా?"

కాదన్నాను.

"మా అత్తకు గూడా ఒకసారి సదివి చెప్పు."

మరుసటి ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి నాకు మెమో ఇచ్చాడు. ఎనిమిదేళ్లుగా కండ్లకలక తగ్గని బాలికను పెద్దాసుపత్రికి పంపకపోవడం నిర్లక్ష్యమట, సంజాయిషీ ఇవ్వాలట. ఇచ్చాను.

రోగి ఎదురుగా ఉన్నప్పుడు ముందు బీరువా తెరవాలి, రిజిస్టరు తర్వాత తెరవొచ్చు. నేను నేర్చుకున్నది అంతే. ఆ పది రోజుల గురించి మాత్రం నన్నెవరూ సంజాయిషీ అడగలేదు.