హిందూపురం రైల్లో మామ

ధర్మవరం కోడలిగా వచ్చిన మూడో ఏడు, అంటే పంతొమ్మిది వందల యాభైల చివర్లో, మా మామ నన్ను అనుమానిస్తున్నాడని గట్టిగా నమ్మాను. అంతకుముందు ఆయన నన్ను పల్లెత్తు మాట అన్నవాడు కాదు. కొత్తలో నేను పుట్టింటి మీద బెంగపెట్టుకుంటే, రైలు కూత వినబడగానే మగ్గం ఆపి, "మీ పెనుకొండ బండి పోతాందిమ్మా" అని నవ్వించేవాడు. ఆ ఇంట్లో నాకు అందరికంటే ఆయన దగ్గరే చనువు.

మామ పట్టుచీరలు నేసేవాడు. నేను పక్కన కూర్చుని కండెలకు పట్టు చుట్టి ఇచ్చేదాన్ని. ఆ ఏడు ఆయన వరస మారింది. నేనందించిన ప్రతి కండెనూ వాకిలి వెలుగులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసేవాడు.

"ఇది ఏం రంగుమ్మా?"

"నీలం, మామా."

"నీలమేనా? బాగా చూసి చెప్పు."

ఒకే కండె గురించి రెండుసార్లు అడిగిన రోజులున్నాయి. నేను మంచి పట్టు కాజేసి వేరేది చుట్టి ఇస్తున్నాననుకుంటున్నాడా? తెగిన పోగులను కూడా పారేయకుండా ఆయన కంటబడేలా గూట్లో పెట్టసాగాను. ఆయన అటు చూడనే లేదు. అదీ నాకు అనుమానంలాగే తోచింది.

దీనికి తోడు నెలకోసారి హిందూపురం ప్రయాణం. పట్టు చూసి వస్తానని పోయి, వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. అత్త ఊరుకునేది కాదు.

"ఈ వయసులో ఆడ నీకేం పని ఉండాది? ఎవరింటికి పోతాండావు?"

మామ నవ్వి తప్పించుకునేవాడు. అత్త అనుమానం ఒకటి, నాది ఇంకొకటి. పెనుకొండ ఆ దారిలోనే కదా. మధ్యలో దిగి మా నాయనకు నా మీద చాడీలు చెబుతున్నాడేమో!

మా అమ్మను చూడాలన్న సాకుతో ఒకరోజు ఆయనతోపాటే పొద్దుటి రైలెక్కాను. ఆయన వద్దనలేదు, సంతోషించనూ లేదు. దారి పొడుగునా ఆ ముఖాన్నే కనిపెట్టి చూస్తూ కూర్చున్నాను. రైలు ఆగింది. కిటికీకి ఎదురుగా ఊరి పేరున్న పెద్ద బోర్డు, దాని వెనక పెనుకొండ కొండ. మామ నేరుగా అటే చూస్తూ అడిగాడు.

"ఇది ఏ స్టేషనమ్మా?"

"కనపడల్యా మామా?"

ఆయన నా వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఏడాదిగా అంతా మసక. నీలమేదో పచ్చేదో తెలీక నిన్ను అడుగుతాండా. ఇంట్లో చెప్పొద్దమ్మా, మగ్గం దిగమంటారు."

చెప్పనని మాటిచ్చాను. టికెట్టు పెనుకొండ దాకే ఉన్నా నేను దిగలేదు. హిందూపురంలో కంటి డాక్టరు, శుక్లాలు తీస్తే చూపొస్తుందని ఎప్పుడో చెప్పాడట. మామకు నమ్మకం కుదరలేదు. నెలనెలా వెళ్లి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను నిలబెట్టి, "నిజంగా కనపడతాందా?" అని అడిగి, వాళ్ల మాటా నమ్మక తిరిగొచ్చేవాడు.

ఆయనకిచ్చిన మాట నేను తప్పాను. ఆ సాయంత్రమే అత్తకు చెప్పేశాను. అత్త తిట్టింది, ఏడ్చింది, మరుసటి వారం తానే వెంటబెట్టుకుపోయి ఒక కంటికి ఆపరేషన్ చేయించింది. సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుని మామ మళ్లీ మగ్గమెక్కాడు. అరవైల దశాబ్దం మధ్యలో పోయేదాకా నేస్తూనే ఉన్నాడు.

ఆ రైలు నేను ఎందుకెక్కానో ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం నాకు ఎన్నడూ రాలేదు.