రోడ్డు మీద ఇంగ్లిష్ పాఠం

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను రేగొండ దగ్గర ఒక బడిలో ఇంగ్లిష్ టీచర్ని. సమ్మెలో ఉన్న మేము రోడ్డుకు అడ్డంగా పిల్లల్ని కూర్చోబెట్టి, అక్కడే పాఠాలు చెబుతూ నిరసన తెలిపేవాళ్లం. నా వంతు వచ్చిన రోజు, మోసుకొచ్చిన నల్లబోర్డు మీద ‘గివ్ అప్’ అని రాశానో లేదో, పోలీసు వ్యాను వచ్చి ఆగింది.

"నడువుండ్రి సార్, వ్యానెక్కుండ్రి" అన్నాడు ఎస్సై.

"పాఠం నడుస్తున్నది. అయినంక తీస్కపోండ్రి" అన్నాను.

పాఠం మధ్యలో సారును లేపడానికి ఆయనకు మనసొప్పలేదేమో, టోపీ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

పాఠం అయిపోతే అరెస్టే, అందుకే ‘గివ్ అప్’కు ఉన్న అర్థాలన్నీ ఒక్కొక్కటే సాగదీశాను. బీడీ మానెయ్యడం చెప్పాను. బస్సులో ముసలవ్వకు సీటు ఇవ్వడం చెప్పాను. ఆశ వదులుకోవడం చెప్పాను. రోజూ గంట ఎప్పుడు కొడతారా అని చూసే పిల్లలు, "ఇంకో అర్థం చెప్పుండ్రి సార్" అని బతిమాలుతున్నారు. లొంగిపోవడం అనే అర్థం మాత్రం నోటిదాకా వచ్చినా మింగేశాను.

"ఒకటి మరిచిండ్రు సార్" అన్నాడు ఎస్సై. "అది వ్యాన్ల చెప్పుకుందాం, రండ్రి."

పిల్లలు పకపకా నవ్వారు. వ్యానెక్కగానే పక్కనున్న కానిస్టేబుల్, "మా బిడ్డ పది సదువుతున్నది, జర మొదటి సంది చెప్పుండ్రి" అన్నాడు. స్టేషన్ దాకా మళ్లీ చెప్పాను.

నా సర్వీసు మొత్తంలో ఒక్క ఆవులింతైనా లేకుండా నా పాఠం విన్నది ఆ పోలీసులే.