చిలక పొట్ట కింద గీత

మొన్న మా వీధిలో పెళ్లి సారె పంచినప్పుడు మా ఇంటికీ ఒక పంచదార చిలక వచ్చింది. నోట్లో పెట్టుకునే ముందు దాని పొట్ట కింద బొటనవేలితో తడిమాను. సన్నని వంకర గీత తగిలింది. అంతే, అమలాపురంలో ఎస్తేరమ్మ గారి రేకుల షెడ్డు, రబ్బరు కలిపే ప్లాస్టిక్ మగ్గు, కిటికీలో ఆరబెట్టిన ప్లాస్టరు దేవదూతలు కళ్ల ముందుకొచ్చాయి.

ఎస్తేరమ్మ గారు చర్చిలకు క్రిస్మస్ బొమ్మలు చేసేవారు. సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీయడంలో ఆవిడకు సాటి లేరు. శిష్యురాలిని కాబట్టి అనడం లేదు. సరే, కాబట్టే అంటున్నాను. రబ్బరునూ, దాన్ని గట్టిపరిచే మందునూ త్రాసులో తూచే కలిపేవారు. కంటి అంచనా అంటే మండిపడేవారు. ఎత్తు నుంచి, ఒకే మూలలో, దారంలా పోయమనేవారు. అలా పోస్తే గాలి బుడగలు దారిలోనే పగిలిపోతాయి. నేను గబగబా వంపేస్తే, "అంత తొందరైతే ఇంటికెళ్లి అట్లు పోసుకోవే తల్లీ" అనేవారు.

ఒకరోజు మామిడికుదురు నుంచి సత్యవతి గారనే ఆవిడ వచ్చారు. పెళ్లిళ్లకు పంచదార చిలకలు పోసి అమ్ముతారు. పాత చెక్క అచ్చులు చీలిపోయాయి. మిగిలింది, చనిపోయిన భర్త చెక్కిన ఒకే ఒక్క చెక్క చిలక. "ఆయన చేత్తో చెక్కింది ఇదొక్కటే ఉందండి. జాగ్రత్తండీ" అంటూ కొంగు ముడి విప్పి, దానికి అచ్చు తీయమని ఇచ్చారు. ఎస్తేరమ్మ గారు మిఠాయికి పనికొచ్చే రబ్బరు తెప్పించి, పని నాకు అప్పగించారు.

చిలకను సగం దాకా బంకమట్టిలో కూర్చోబెట్టి, పైసగానికి రబ్బరు పోశాను. అది గట్టిపడ్డాక తిరగేసి, మట్టి తీసేసి, రెండో సగం పోశాను. మధ్యలో మొదటి సగం మీద వాజిలిన్ రాయాలి. "రబ్బరుకి చుట్టం రబ్బరేనమ్మా, ఇంకెవరికీ అంటుకోదు" అని ఆవిడ వందసార్లు చెప్పిన సంగతే. మరిచిపోయాను. మర్నాడు చూస్తే రెండు సగాలూ కలిసి ఒకటే ముద్ద. చిలక లోపల ఉండిపోయింది.

"ఇంకా ఆరలేదని చెబుదామండీ" అన్నాను. సత్యవతి గారు రాగానే ఎస్తేరమ్మ గారే ఎదురెళ్లారు.

"మా తప్పేనండి. మధ్యలో వాజిలిన్ రాయలేదు. మీ చిలక లోపల ఇరుక్కుపోయింది. కోసి తియ్యాలండి. మీరు దగ్గరుండి చూడండి."

"కత్తి తగిలితేనో?"

"తగలొచ్చండి" అన్నారు ఎస్తేరమ్మ గారు.

సత్యవతి గారు స్టూలు మీద కూలబడ్డారు. నేను అక్కడి నుంచి పారిపోదామనుకుంటుంటే, ఎస్తేరమ్మ గారు బ్లేడు నా చేతిలోనే పెట్టారు.

"నేనా అండీ?"

"ఎక్కడ ఎంత మందం పోశావో నీకే తెలుసు. తిన్నగా కొయ్యకు, వంకర్లు వంకర్లుగా కొయ్యి. మళ్లీ మూసినప్పుడు ఆ వంకర్లే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

నేను కోస్తుంటే ఎస్తేరమ్మ గారు బొటనవేళ్లతో రబ్బరును రెండు వైపులా లాగి పట్టుకున్నారు. నా చెయ్యి జారితే తెగేది ఆవిడ వేళ్లే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. చివరికి చిలక బయటపడింది. సత్యవతి గారు దాన్ని కొంగుతో తుడిచి, ఒక్కో ఈకా చూసుకున్నారు. చిన్న గాటు కూడా లేదు. ఆవిడ ఏడ్చేశారు, నేనూ ఏడ్చాను.

"ఈ అచ్చులో పోస్తే చిలక పొట్ట కింద గీత పడుతుందండి. ఊరికే ఇంకోటి తీసిస్తాం" అన్నారు ఎస్తేరమ్మ గారు.

"బాబోయ్, మళ్లీ ఆ రబ్బర్లో దించనండి! గీతుంటే ఉండనివ్వండి" అంటూ సత్యవతి గారు నేను కోసిన అచ్చే పట్టుకుపోయారు.

ఎస్తేరమ్మ గారు ఇప్పుడు లేరు. అచ్చుల పనే నాకు అన్నం పెడుతోంది. చేతిలో పని చెడితే మాత్రం ముందు చెప్పేస్తాను, ఆ తర్వాతే బ్లేడు పట్టుకుంటాను.

మొన్న పక్కింటావిడ తన చిలకను తిప్పి చూసి, "ఇదేంటండీ, పొట్ట కింద గీత పడింది? అచ్చు బాగోలేనట్టుంది" అన్నారు.

"ఆయ్, అది నేను కోసిన గీతేనండి" అన్నాను, తలెత్తుకుని.