గడియ మీద చెయ్యి

పెద్దమ్మ పోయిందని పోయిన వారం ఫోన్ వచ్చింది. చేసింది ఒకప్పుడు నాతో ఒకే గదిలో ఉన్న పిల్ల. "నిద్దట్లోనే పోయిందక్కా. ముందు నీకే చెప్పాలనిపించింది" అంది. ఆ మాటకి నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. దుబాయ్‌లో, సత్వాలో ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. అందరం ఇళ్లలో పనిచేసేవాళ్లమే, గోదావరి వైపు వాళ్లమే. వయసులో పెద్దది కాబట్టి అందరికీ పెద్దమ్మ. పొద్దున పనికి బయల్దేరేటప్పుడు తలుపు గడియ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ తలుపు దాటుతున్నాను, నువ్వు ముందు నడు" అనేది. వెనకాల మాకు ఆలస్యమయ్యేది. "యల్లా, నడు పెద్దమ్మా, ప్రభువుకి బస్సు తప్పిపోదు, మనకి తప్పిపోద్ది" అని నేను వెక్కిరించేదాన్ని. నవ్వేసేది. సాయంత్రం వస్తూ ఎప్పుడూ ఒక ఖుబ్బూస్ రొట్టె ఎక్కువే తెచ్చేది. ఎవరికని అడిగితే, "ఎవరో ఒకరికి ఆకలేస్తాది కదే" అనేది.

నాకు దేవుడితో అంత పని పడేది కాదు. నాకు మేడం ఉంది. ఆవిడ భర్త పెద్ద కంపెనీలో ముదీర్, అంటే మేనేజరు. నా వీసాకి పూచీ ఉన్న కఫీల్ కూడా ఆయనే. "మా మేడం ఉండగా నాకేం భయం" అని రోజుకోసారైనా అనేదాన్ని. ఒకసారి పెద్దమ్మ బియ్యం ఏరుతూ, "మీ మేడం మంచిదేనే. పాపం ఆవిడా మనిషే కదా, ఎంతకని మోస్తాది నిన్ను?" అంది. ఓర్వలేనితనం అనుకున్నాను.

కరోనా మొదలైన కొత్తలో, "మీ గదిలో ఎవరికి జ్వరం వచ్చినా నువ్విక రావద్దు" అని మేడం మెసేజ్ పెట్టింది. రెండు రోజులకే ఆ పిల్లకి, మా అందరిలోకీ చిన్నదానికి, ఒళ్లు కాలిపోయింది. పెద్దమ్మ తన మంచానికి తెరగా కట్టుకున్న చీర విప్పి, వంటింటి మూల కట్టి, దాని వెనక ఆ పిల్లని పడుకోబెట్టింది. నేను గొడవ చేశాను.

"నా పని పోతే నువ్విస్తావా?"

"నేనెవర్నే ఇవ్వడానికి? ఇచ్చేవాడు వేరే ఉన్నాడు."

మర్నాడు నాకు సెలవు. మిగతావాళ్లు పనులకి వెళ్లారు. ఆ పిల్ల మాత్రల కోసం ఓపిక తెచ్చుకుని కిందికి దిగింది. నేను దాని సంచి మెట్ల మీద పెట్టి లోపల గడియ వేశాను. కాసేపటికి తలుపు కొట్టింది. "ఎవరున్నారు? తీయండక్కా, నిలబడలేకపోతన్నాను." పెద్దమ్మ రోజూ చెయ్యి వేసే ఆ గడియనే పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కొట్టి కొట్టి ఊరుకుంది.

సాయంత్రం పెద్దమ్మ గొంతు విని తీశాను. ఒక చేత సంచి, ఒక చేత ఆ పిల్ల. "స్నానానికెళ్లాను, వినపడలేదు" అన్నాను. పెద్దమ్మ నా మొహంలోకి చూసి, ఆ పిల్లని లోపలికి నడిపించింది. ఐదో రోజుకి జ్వరం తగ్గింది.

నెల తిరక్కుండానే ఒకరోజు నేను వెళ్లేసరికి మేడం గేటుకి తాళం. "మేడం చలీ గయీ, అప్నే దేశ్. ఖలాస్" అన్నాడు పక్కింటి డ్రైవరు. వాళ్ల దేశం వెళ్లిపోయారట, ఇంక అంతేనట. పదకొండేళ్లు చేశాను వాళ్లకి. ఒక్క మెసేజ్ లేదు. గదికొచ్చి కూలబడితే, పెద్దమ్మ ఆ ఎక్కువ ఖుబ్బూస్, కాస్త పప్పు నా ముందు పెట్టింది. "తినవే. రేపు నాతో రా, నేను పనిచేసే ఇంటావిడని అడుగుదాం. ముందు ప్రభువుని అడుగుదాం" అంది. ఆ ఇంటావిడ చెల్లెలింట్లోనే ఈ రోజుకీ పని చేస్తున్నాను. నా వీసా కూడా వాళ్లే మార్పించారు.

పోయిన ఏడాది పెద్దమ్మ ఊరికి వెళ్లిపోయింది. ఆ సంచి సంగతి చెబుదామని ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాను. చెప్పకుండానే తిరిగొచ్చేశాను.

అందుకే ఆ ఫోన్‌లో ఆ పిల్లకే చెప్పేశాను. "ఆ రోజు నీ సంచి బయట పెట్టింది నేనేనే. లోపలే ఉన్నాను."

"తెలుసక్కా. తలుపు కింద సందులో నీ నీలం చెప్పులు కనపడ్డాయి. పెద్దమ్మకి అప్పుడే చెప్పాను. 'భయపడిపోయిందే పిచ్చిది, దానికి ఆ మేడం తప్ప ఎవరూ లేరనుకుంటంది. దాని కోసం కూడా ప్రార్థన చెయ్యి' అంది."

అంటే ఖుబ్బూస్ నా ముందు పెట్టిన రోజున ఆవిడకి అంతా తెలుసు.

ఇప్పుడు పొద్దున గడియ మీద చెయ్యి పడగానే ఆగిపోతున్నాను. ప్రార్థన రావడం లేదు. వెనకాల కొత్తవాళ్లు "యల్లా అక్కా" అంటున్నారు. కళ్లు దించితే, తలుపు కింద సందులోంచి వెలుగు. దానికి అడ్డంగా నా చెప్పులు.