అంచున నిలబడ్డ మనిషి

1973. గోదావరిఖనిలో నేను ఫొటో స్టూడియో పెట్టి నాలుగేళ్లయింది. గని కార్మికుల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీయడం అసలు పని, పాత కెమెరాలూ లెన్సులూ అమ్మిపెట్టడం కొసరు పని. కెమెరాల గురించి నాకు తెలియనిది లేదన్న పొగరు అప్పట్లో బాగానే ఉండేది.

ఒకరోజు ఫస్ట్ షిఫ్టు దిగి సాయిలు వచ్చాడు. గనిలో ఫిట్టరు. చేతిరుమాల్లో చుట్టిన లెన్సు బల్ల మీద పెట్టి, "దీన్ని ఎట్లనన్న అమ్మిపెట్టన్నా. ఇంట్ల ఉండొద్దు," అన్నాడు.

అది రేంజ్‌ఫైండర్ కెమెరాకు పట్టే వైడ్ యాంగిల్ లెన్స్. ఇరుకు చోట కూడా ఎక్కువ మందిని పట్టిస్తుంది. గీత లేదు, బూజు లేదు. లోపమల్లా దాని వ్యూఫైండర్ లేకపోవడమే. ఆ కెమెరాల్లో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. వైడ్ లెన్సు ఆ కిటికీ కంటే ఎక్కువ చూస్తుంది కాబట్టి కెమెరా నెత్తిన వేరే ఫైండర్ పెట్టుకోవాలి. లేకపోతే అంచుల్లో ఎవరు పడ్డారో ఫొటో కడిగేదాకా తెలియదు.

"ఫైండర్ ఏదిరా?"

"మల్లేశన్న జేబుల ఉండె."

మల్లేశ్ సాయిలు అన్న. దర్జీ పని చేసేవాడు, ఫొటోల పిచ్చి. ఫిల్ము నా దగ్గరే కొనేవాడు. పోయిన వానాకాలం అవతలి ఒడ్డు నుంచి వస్తుంటే పడవ బోల్తా పడింది. శవం దొరకలేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవాడు కాబట్టి వాడిది ఒక్క ఫొటో కూడా లేదు. తల్లి పోశవ్వ, శవాన్ని చూడందే దినాలు చెయ్యనివ్వనని పట్టుబట్టింది. పగలంతా గోదావరి ఒడ్డున కూర్చుంటోంది, తిండి దాదాపు మానేసింది. ఆమె కూడా దక్కదేమోనని సాయిలు భయం.

"అన్న పోయినంక దీనితోటి మూడు ఫొటోలు తీసిన. మూడిట్ల వచ్చిండన్నా," అంటూ వాటిని నా ముందు పరిచాడు. ఒకటి పెళ్లి, ఒకటి బతుకమ్మ, ఒకటి వాళ్ల ఇంటి వాకిలి. మూడింటిలోనూ ఎడమ అంచున ఒక మగమనిషి. చొక్కాలు వేరు. వెడల్పాటి ముఖం, పక్కకు సాగిన తల మాత్రం ఒక్కటే. సూటిగా నన్నే చూస్తున్నాడు.

"అవ్వ వీటిని పక్కల పెట్టుకొని పంటది. ఇంకోటి తియ్యి, జర దగ్గరికొస్తడు అంటది."

పెద్దపల్లిలో స్టూడియో ఉన్నాయన ఒకరు వైడ్ లెన్సు కోసం చూస్తున్నారు. ఆయనకు కబురు పెట్టాను. అది ఎలా తెలిసిందో, మర్నాడు పొద్దున్నే పోశవ్వ వచ్చింది. వెనకే సాయిలు.

"దాన్ని అమ్మకు కొడుకా. గా అద్దంల తప్ప నా కొడుక్కు నిలవడ జాగ లేదు."

"అవ్వా, వైడ్ లెన్సు అంచుకు పడ్డోళ్ల మొఖాలన్ని గట్లనే సాగుతయ్. వాళ్లు దారిన పోయెటోళ్లు. కావాలంటే ఇప్పుడే చూపిస్త," అన్నాను. గెలవాలన్న దుగ్ధ తప్ప ఆ క్షణంలో నాలో మరేమీ లేదు.

సాయిలును ఒకసారి నడిమధ్యన, ఒకసారి కిటికీలో కనిపించనంత అంచున నిలబెట్టి రెండు ఫొటోలు తీశాను. డార్క్‌రూమ్ ఎర్రదీపం కింద రెండో కాగితం మీద ముందు కళ్లు తేలాయి, తర్వాత చెంపలు. మందునీళ్లలోంచి నన్ను చూస్తున్నది మల్లేశ్. అన్నదమ్ములు కదా, పోలిక ఉండదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండు ఫొటోలూ పోశవ్వ ముందు పెట్టి, "రెండూ సాయిలే అవ్వా," అన్నాను.

ఆమె మొదటిదాన్ని పక్కకు నెట్టింది. "గీడు సాయిలు." రెండోదాని మీద అరచెయ్యి ఆనించింది. "గీడు మల్లేశ్. మొఖమెంత ఉబ్బింది చూడు. నీళ్లల్ల నానితె గిట్లనే అయితది గదా కొడుకా." అని, ఏడాదిగా రాని ఏడుపు ఏడ్చింది. కాసేపటికి లేచి, "దొరికిండు. ఇగ నీ అద్దం నువ్వు అమ్ముకో," అంది.

నేను నోరు తెరవబోతే సాయిలు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

వారానికి దినం పెట్టారు. నేనూ వెళ్లాను. గోడకు ఆ ఫొటో, దానికి బంతిపూల దండ, కుంకుమ బొట్టు. బతికున్నవాడి ఫొటోకు దండ! దాని ముందు సాయిలు గుండుతో కూర్చొని, తన ముఖానికి తానే సాంబ్రాణి పొగ వేస్తున్నాడు.

"తియ్యరా దాన్ని. పాపం తగులుతది," అన్నాను పక్కకు పిలిచి.

"అవ్వ ఇయ్యాల కడుపునిండ తిన్నది. ఉండనియ్యన్నా," అన్నాడు.

లెన్సు పెద్దపల్లి వెళ్లిపోయింది. అప్పటినుంచి నేను అమ్మే సరుకు గుణమూ లోపమూ చెప్పి ఊరుకుంటాను. ఎవరికీ ఏదీ రుజువు చెయ్యబోను. మొదటి మూడు ఫొటోల్లో ఉన్నది ఎవరో కూడా ఆరా తీయలేదు.

నాలుగైదేళ్ల తర్వాత గుర్తింపు కార్డు కొత్తది కావలసి వచ్చి సాయిలు మళ్లీ స్టూడియోకి వచ్చాడు. స్టూల్ మీద కూర్చున్నాడు గానీ అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు.

"ఏందిరా?" అన్నాను.

"నడిమిట్ల దియ్యన్నా," అన్నాడు. "జర నడిమిట్లనే."