పాటల కాగితం అడుగున ఒక వరుస

దయ్యాలను నేను నమ్మను. ఇది జరిగిన తరవాత కూడా నమ్మడం లేదు. మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంటే, ముందు ఆస్పత్రికి తీసుకుపొండని పోట్లాడిన మనిషిని. ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది కూడా అందుకే. అందరినీ ఎగతాళి చేసినదానివి, ఇప్పుడు నువ్వేం చెబుతావని అడుగుతారు. అడగనీ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాకు గిద్దలూరులో డీటీపీ, జిరాక్స్ దుకాణం ఉంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఇదే పని. అర్జీలు, పిల్లల ప్రాజెక్టు రికార్డులు, అద్దె అగ్రిమెంట్లు, చర్చీల పాటల కాగితాలు చేస్తాను. జిల్లాలు చీలినప్పుడు పక్క జిల్లా నుంచి వచ్చే వాళ్ళ లెటర్‌హెడ్లలో పేజీ అడుగున కర్నూలు తీసేసి నంద్యాల పెట్టింది నేనే. మనవాళ్ళకు అక్షరాల సైజు మీద ఉన్నంత పట్టింపు రాసిన విషయం మీద ఉండదు. రికార్డు రాసే పిల్లలు పేజీలు నిండాలని సైజు పెంచమంటారు. సంఘం నాయకుడు తన పేరు పక్కవాడి పేరు కంటే ఒక్క సైజైనా పెద్దగా ఉండాలంటాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం, అడిగినట్టు చేసిస్తాను.

పేజీ అడుగున వేసే వరుసను మేము ఫుటర్ అంటాం. పైన ఎన్ని మార్పులు చేసినా అది తన చోట తాను ఉంటుంది. మా వైపు చర్చీల వాళ్ళకు అది చాలా అవసరం. ఎవరైనా చనిపోతే కొన్నాళ్ళకు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ఆ రోజు పాడే పాటలు, చదివే వాక్యం ఒక కాగితం మీద వేసి వచ్చిన వాళ్ళకు పంచుతాం. కాగితం అడుగున పోయిన మనిషి పేరు ఉంటుంది. పాస్టరు అయ్యగారు చివరి నిమిషం దాకా పాటలు మారుస్తూనే ఉంటారు కాబట్టి ఆ పేరును నేను ఎప్పుడూ ఫుటర్లోనే పెడతాను. కూడిక అయిన తరవాత ఆ కాగితాన్ని ఎవరూ పారేయరు. మడిచి పాటల పుస్తకంలో దాచుకుంటారు.

మా అమ్మానాన్నలది కొమరోలు దగ్గర పల్లె. కూలి చేసుకుని మమ్మల్ని పెంచారు. నేను, నా తరవాత తమ్ముడు సునీలు. వాడు బోరు బండి మీద పనికి ఛత్తీస్‌గఢ్ పోయాడు. మా పల్లె నుంచి చాలామంది పోతారు. ఒకరోజు బండి గొట్టం పైకి లేపుతుంటే కరెంటు తీగ తగిలింది. వాడు అక్కడికక్కడే పోయాడు.

ఆ కబురు వచ్చేటప్పటికి అమ్మ ఒంగోలులో ఆస్పత్రి మంచం మీద ఉంది. గుండె ఆపరేషన్ అయి ఇంకా తేరుకోలేదు. చిన్న దెబ్బ కూడా తట్టుకోలేదు, ఏ చెడ్డ కబురూ చెప్పవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్నను అమ్మ దగ్గర ఉంచి, మిగిలిన వాళ్ళం తమ్ముణ్ణి తెచ్చి మా పల్లె చర్చి వెనక సమాధి చేశాం. కన్నతండ్రి కొడుకును మట్టి చేయడానికి కూడా రాలేకపోయాడు. వస్తే అమ్మకు అనుమానం వస్తుంది.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి అన్నం వండాను, మర్నాడు దుకాణం తెరిచాను. లోపల ఎవరో ఫ్యాను ఆపేసినట్టు ఉండేది. ఎవరేమన్నా వినిపించేది, జవాబు చెప్పేదాన్ని, అంతే.

అమ్మను ఆస్పత్రి నుంచి పల్లెకు తీసుకుపోలేదు. గిద్దలూరులో మా ఇంట్లోనే పెట్టుకున్నాం. తమ్ముడు ఫోను ఎత్తడం లేదేందని అడిగితే, అడవిలో బోర్లు వేస్తున్నారు, సిగ్నల్ ఉండదు అని చెప్పేవాళ్ళం. “ఒక్కసారన్నా పట్నం దిక్కు రాడా?” అనేది. వస్తాడులే అనేదాన్ని. అబద్ధం ఆడుతున్నానన్న బాధ కూడా ఉండేది కాదు నాకు.

కూడిక ఇంకా పెట్టలేదని బంధువులు అడగడం మొదలుపెట్టారు. నాన్న, అయ్యగారు మాట్లాడుకుని ఒక రోజు అనుకున్నారు. అమ్మను మా ఇంట్లో వదిలి మేము మాత్రం పల్లెకు పోయి రావాలని ఆలోచన. కానీ ఆమె చెవిన పడింది, మన ఇంటి దగ్గర ఏం కూడిక అని నిలదీసింది. నాన్నకు ఏం తోచిందో, నీకు గుండె బాగయినందుకు దేవుడికి కృతజ్ఞత చెల్లించుకుందామని పెడుతున్నాం అన్నాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. కృతజ్ఞత కూడికకు నేనే లేకపోతే ఎట్ల, నేనూ వస్తానని పెట్టెలోంచి మంచి చీర తీసింది.

ఇక ఆమెను ఆపలేకపోయాం. అయ్యగారు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చారు. సునీలు పేరు ఎవరూ పైకి ఎత్తకూడదు, ప్రార్థన మనసులో చేసుకోవాలి అని. ఊరంతా ఒప్పుకుంది. పిల్లలు కూడా నోరు మెదపలేదు.

పాటల కాగితం కోసం నాన్న దుకాణానికి వచ్చాడు. కొడుకు పేరు లేకుండా కాగితం వేయడానికి ఆయనకు మనసు ఒప్పలేదు.

“వాని పేరు లేకుండా కూడిక ఏందిమ్మా? అడుగున పెట్టు. మీ అమ్మకు కనపడనంత చిన్నగా పెట్టు” అన్నాడు.

అమ్మ బడికి పోలేదు. చర్చిలో పాటలు పాడాలన్న ఆశతో అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. చూపు మందగించాక పద్దెనిమిది సైజు ఉంటేనే చదవగలదు. ఎనిమిది సైజు అంటే అది ఆమెకు కాగితం అడుగున గీసిన గీత, అంతకంటే ఏమీ కాదు. అందుకని పాటలు, వాక్యం పద్దెనిమిదిలో పెట్టాను. ఫుటర్లో ఎనిమిదిలో ఇలా కొట్టాను: ప్రభువునందు నిద్రించిన మా సునీలు జ్ఞాపకార్థం. కొట్టింది సొంత తమ్ముడి పేరు. దీర్ఘం సరిగ్గా పడిందా లేదా అని చూసుకున్నాను.

ఇక్కడి నుంచి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఆ కాగితం ప్రింటరు మీద ఒక్కటే తీశాను. దాన్ని వెలుతురులో పెట్టి చూశాను. అడుగు వరుస ఎంత సన్నగా ఉందంటే నేనే కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చదవాల్సి వచ్చింది. ఆ ఒక్కదాన్నే జిరాక్స్ మిషన్ మీద పెట్టి మిగిలినవన్నీ తీశాను. మా దుకాణాల్లో అందరం చేసేది అదే. కట్ట కట్టి నా సంచిలో పెట్టుకున్నాను. కూడికలో పంచింది కూడా నేనే.

అమ్మను ఆటోలో చర్చి వెనక దారి కాకుండా ఊరి అవతలి నుంచి తీసుకొచ్చాం. ఇంటి ముందు షామియానా కింద ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమెను కావలించుకుని ఏడ్చారు. తను బతికి వచ్చినందుకు ఆనందంతో ఏడుస్తున్నారని అనుకుంది అమ్మ. “ఊరుకోండమ్మా, నాకేమయింది ఇప్పుడు?” అని తిరిగి వాళ్ళనే ఓదార్చింది. అది చూసి నాన్న లేచి ఇంట్లోకి పోయాడు.

కాగితాలు పంచుతూ కట్టలోంచి ఒకటి అమ్మకూ ఇచ్చాను. ప్రత్యేకంగా చూసి తీసింది కాదు. చేతికి వచ్చింది ఇచ్చి, పక్కన కూర్చున్నాను.

రెండో పాట సగంలో ఉండగా అమ్మ గొంతు ఆగింది. చూస్తే వేలు కాగితం అడుగున ఉంది. ఆమె చదివే పద్ధతే అంత, వేలితో అక్షరం అక్షరం తడుముతూ పెదాలతో పలుకుతుంది. నేను ఆ వేలు దాటి చూశాను. ప్రభువునందు నిద్రించిన మా సునీలు జ్ఞాపకార్థం. పాట ఎంత సైజులో ఉందో ఆ వరుసా అంతే సైజులో ఉంది. నల్లగా, స్పష్టంగా, పక్కన కూర్చున్న నాకూ కనపడేంత పెద్దగా.

నా చేతిలో మిగిలిన కాగితాలు చూసుకున్నాను. అన్నిటిలో ఆ సన్నటి వరుసే. పక్కావిడ చేతిలోదీ అంతే.

అమ్మ గుండె ఆగిపోతుందని అనుకున్నాను. ఆస్పత్రి ఎంత దూరమో, ఆటో అబ్బాయి ఎటు పోయాడో అన్న ఆలోచన మాత్రమే వచ్చింది. నాన్న అప్పుడే బయటికి వచ్చాడు. అమ్మ ఆయన మొహం చూసింది.

“చిన్నోడు పోయినాడా?” అని అడిగింది.

నాన్న తల ఊపాడు. నువ్వు ఆస్పత్రిలో ఉండగా అని మాత్రం అనగలిగాడు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. అయ్యగారు కూడా పుస్తకం మూశారు.

“పాట ఆపొద్దని చెప్పు” అంది అమ్మ.

ఆమే ఎత్తుకుంది. పాట అయ్యేదాకా పాడింది, ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూర్చుంది. అంతా అయ్యాక వాణ్ణి ఎక్కడ పెట్టినారో చూపించమంది. నడిపించుకుని పోయాం. మట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. డాక్టరు భయపడినట్టు ఏమీ కాలేదు. ఆమె గుండె తట్టుకుంది. ఈ రోజుకీ బాగుంది.

నేను మాత్రం దుకాణానికి వచ్చి ఫైలు తెరిచాను. ఫుటర్ ఎనిమిదే. తెలుగు అక్షరాలకు సైజు వేరేచోట కూడా పెట్టే వీలుంటుంది, అదీ చూశాను. అక్కడా ఎనిమిదే. అయినా ఫైలులో తప్పుంటే అన్ని కాగితాల్లోనూ ఉండాలి. జిరాక్స్ మిషన్ పేజీ మొత్తాన్ని పెద్దది చేస్తుంది, అడుగున ఒక్క వరుసను పెద్దది చేయలేదు.

మిషన్ బాగుచేయడానికి మార్కాపురం నుంచి వచ్చే అబ్బాయికి అమ్మ కాగితం చూపించాను. తిప్పి తిప్పి చూసి, “అక్కా, నువ్వే పరాకుగా ఇంకో ప్రింటు తీసుంటావు. బాధలో ఉన్నావు కదా” అన్నాడు. ఆ మాట నేను కొట్టిపారేయలేదు. ఆ రోజుల్లో కూరలో ఉప్పు వేశానో లేదో కూడా నాకు గుర్తుండేది కాదు. పరాకులో సైజు మార్చి ఒకటి తీసి, మళ్ళీ వెనక్కి మార్చానేమో అని చాలాసార్లు అనుకున్నాను. అదే నిజమైతే నాకు హాయి.

కానీ ఒక చిక్కుంది. ఫుటర్ను పద్దెనిమిది చేసి చూశాను. అంత పెద్ద అక్షరాల్లో ఆ మాటలు ఒక్క వరుసలో పట్టవు, రెండు వరుసలవుతాయి. దాంతో చివరి పాటలో ఆఖరి చరణం కిందికి జారి రెండో పేజీకి పోతుంది. పేజీ నిండా కొట్టినప్పుడు ఎవరికైనా జరిగేది అదే. అమ్మ కాగితంలో చరణం ఉన్నచోటే ఉంది. దాని కింద ఆ పెద్ద అక్షరాలు ఒకే వరుసలో ఉన్నాయి. మిగిలిన కాగితాల్లో ఒకదాని మీద పెట్టి వెలుతురుకు పట్టుకుంటే పైన పాటలన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. మార్జిన్లు తగ్గించాను, వరుసల మధ్య ఖాళీ తగ్గించాను, అక్షరాలు దగ్గరికి జరిపాను. నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. అట్లాంటి కాగితం ఒక్కటి కూడా తీయలేకపోయాను.

అమ్మతో దాని గురించి మాట్లాడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అంట్లు తోముతుంటే వచ్చి గడప మీద కూర్చుంది.

“అందరూ కలిసి నన్ను పసిపిల్లను చేసినారు. మీ నాయన, అయ్యగారు, ఊరంతా. నువ్వొక్కదానివే నాకు కనపడేటట్టు పెద్దగా కొట్టినావు. నీకు దండం పెడతా తల్లీ” అంది.

నేను కొట్టలేదమ్మా అందామని తిరిగాను. ఆమె అప్పటికే దగ్గరికి వచ్చి చీర చెంగుతో నా తడి చేతులు తుడుస్తోంది. తుడవనిచ్చాను.